పెద్దమనిషి అయిందని ఆట మాన్పించకండి



ఫ్లోరైడ్ గురించి మన నల్లగొండ జిల్లా వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పళ్ల మీద ఆ గోధుమరంగు మచ్చలు పడేది చిన్నతనంలో, పళ్లు చిగుళ్ల లోపల తయారవుతున్న ఏళ్లలో తాగిన నీళ్ల వల్ల. పెద్దయ్యాక అవే నీళ్లు తాగినా పళ్లకు కొత్తగా ఆ మచ్చలు రావు. శరీరంలో ఒక భాగం తయారవుతున్న కాలంలో దాన్ని తాకిన మంచీ చెడూ చాలా ఏళ్లు నిలిచిపోతాయి.

రొమ్ము క్యాన్సర్ విషయంలోనూ అలాంటి కాలం ఒకటి ఉంది. మీ అమ్మాయి ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే ఏళ్లు అందులోనివే. అక్టోబరు నెల రాగానే గులాబీ రిబ్బన్లు కట్టి నలభై దాటిన తల్లులకు పరీక్షల గురించి చెబుతాం. చెప్పాల్సిందే. కానీ పక్కన కూర్చున్న పన్నెండేళ్ల కూతురి గురించి ఒక్క మాటా అనం. ఈ నెల ఆ మాట చెప్పాలనుకుంటున్నాను.

ఆడపిల్లల్లో సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య రొమ్ము ఎదుగుదల మొదలవుతుంది. అక్కడి నుంచి మొదటి కాన్పు దాకా ఆ కణాలు వేగంగా పెరుగుతాయి గానీ పూర్తిగా పరిపక్వం కావు. అందుకే ఆ కాలంలో వాటికి హాని సులువుగా తగులుతుంది. 1945లో హిరోషిమా, నాగసాకి బాంబుల రేడియేషన్‌కు గురైన మహిళలను శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు గమనించారు. అప్పటికి ఇరవై ఏళ్లలోపు ఉన్నవారికి తర్వాతి జీవితంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెరిగింది. నలభై దాటినవారిలో ఆ పెరుగుదల చాలా తక్కువ.

రేడియేషన్ అరుదైన సంగతి. రోజువారీ జీవితం కూడా లెక్కలోకి వస్తుందని చెప్పేవి వలసల మీద జరిగిన అధ్యయనాలు. మెక్సికో లాంటి దేశాల నుంచి అమెరికా వచ్చిన హిస్పానిక్ మహిళల్లో రొమ్ము క్యాన్సర్ తక్కువ. అదే కుటుంబాల్లో అమెరికాలోనే పుట్టి పెరిగిన ఆడవాళ్లలో అంతకన్నా ఎక్కువ. జపాన్ నుంచి వెళ్లిన కుటుంబాల్లోనూ తరాలు మారేకొద్దీ ముప్పు పెరిగింది. వంశం మారలేదు. పెరిగిన తీరు, తిండి, కాన్పుల వయసు మారాయి.

అమెరికా దాకా ఎందుకు, 2012-16 మధ్య కాలానికి దేశంలోని క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలు చూడండి. రొమ్ము క్యాన్సర్ రేటులో హైదరాబాద్ మొదటి స్థానంలో ఉంది. వయసుల తేడా సరిచేసి చూస్తే లక్ష మంది మహిళలకు ఏటా 48. గ్రామీణ రిజిస్ట్రీల్లో ఇంతకంటే చాలా తక్కువ. ఆలస్యంగా కాన్పులు, తక్కువ మంది పిల్లలు, తక్కువ కాలం పాలివ్వడం ఈ తేడాకు కొన్ని కారణాలు. హాలియా పల్లెల మధ్యే ఉంది గానీ మన అమ్మాయిల దినచర్య ఎవరిది? ఇంటి ముందు స్కూలు వ్యాను, సాయంత్రం ట్యూషన్, రాత్రి ఫోను. అది హైదరాబాద్ దినచర్యే.

చేయగలిగింది ఏమిటి? మొదటిది ఆట. అమెరికాలో సుమారు 65 వేల మంది నర్సులపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఎక్కువ శారీరక శ్రమ చేసినవారిలో బహిష్టులు ఆగకముందే వచ్చే రొమ్ము క్యాన్సర్ 23 శాతం తక్కువ. 12 నుంచి 22 ఏళ్ల మధ్య చేసిన శ్రమే ఇందులో ఎక్కువ పనిచేసింది. రెండోది తిండి. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో, హైస్కూలు వయసులో పీచు ఎక్కువగా తిన్నవారికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 16 శాతం తక్కువగా కనిపించింది. ఈ శాతాలు మన పిల్లలకు అచ్చుగుద్దినట్టు వర్తిస్తాయని నేను అనను. కానీ ఆటా, పీచూ వేరే ఎన్నో విధాల మేలు చేసేవే. పాటిస్తే పోయేదేమీ లేదు.

మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం తెల్లబడేకొద్దీ పీచు తౌడులో పోతుంది. వారంలో రెండు మూడు పూటలు జొన్నరొట్టె, రోజూ పప్పూ ఆకుకూరా, టిఫిన్ డబ్బాలో చిప్స్ బదులు ఉడికించిన పెసలో శనగలో ఒక జామకాయో పెట్టండి. ఇవేవీ హాలియా సంతలో దొరకనివి కావు. లావవుతుందని అమ్మాయి అన్నం మాత్రం తగ్గించకండి. ఎదిగే వయసులో ఆకలితో ఉంచడం మేలు కాదు.

ఇక రజస్వల సంగతి. 2012లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ 117 అధ్యయనాలను కలిపి చూసింది. రజస్వల కావడం ఒక్కో ఏడాది ముందుకు జరిగితే ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుందని తేల్చింది. దీన్ని చదివి ఏ తల్లీ బెంగ పడొద్దు. చిన్న ముప్పులో ఐదు శాతం చాలా చిన్నది. ఆ వయసును నిర్ణయించేది వంశం, పోషణ. అది తల్లి తప్పూ కాదు, పిల్ల తప్పూ కాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఆడవారు కావడం, వయసు తప్ప వేరే ప్రత్యేక కారణం కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

నా అభ్యంతరం ఆ తర్వాత జరిగే దాని మీద. పిల్ల పెద్దమనిషి అవుతుంది. ఫంక్షన్ హాలు, హాఫ్ శారీ, ఫొటోలు, భోజనాలు. ఆ వారం నుంచే సైకిలు మూలకు చేరుతుంది. ఖోఖో ఆగిపోతుంది. "ఇంకా గంతులేంటే" అని నానమ్మ అంటుంది, "అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, గేమ్స్ వద్దు" అని అమ్మ చీటీ రాస్తుంది. శరీరానికి ఆట అత్యవసరమైన వయసులోనే ఆటను తీసేస్తున్నాం. ఫంక్షన్ మీ ఇష్టం, చేసుకోండి. సైకిలు మాత్రం తీయకండి.

తప్పు ఇళ్లదే కాదు. ఎనిమిదో తరగతి దాటగానే గేమ్స్ పీరియడ్‌ను స్టడీ అవర్‌గా మార్చే అలవాటు మనలాంటి పాఠశాలలన్నింటిలోనూ ఉంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టే శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. టైమ్‌టేబుల్‌లో దానికి చోటు లేకపోతే ర్యాంకుల బోర్డు చూసి ఎంత మురిసినా లాభం లేదు. ఆడపిల్లలకు శుభ్రమైన టాయిలెట్, అత్యవసరానికి ప్యాడ్లు, ఆడేందుకు వీలైన దుస్తులు ఉంటే సగం చీటీలు వాటంతట అవే ఆగిపోతాయి.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు మార్కుల కార్డుతో పాటు మీ అమ్మాయి టైమ్‌టేబుల్ కూడా అడిగి చూడండి. వారానికి ఎన్ని గేమ్స్ పీరియడ్లు, వాటిలో ఆమె ఎన్నిసార్లు గ్రౌండులోకి దిగింది అని పీఈటీ సారును అడగండి. అమ్మలూ, మీకు ముప్పై దాటితే ప్రభుత్వ ఆసుపత్రిలో రొమ్ము పరీక్ష చేయించుకోండి. ఆ సాయంత్రం కూతుర్ని తీసుకుని కాలువ గట్టు దాకా నడిచి రండి.