విశ్వాసానికి పరీక్ష చివరి బెంచీలో

జూన్ 12న బడులు తెరిచేసరికి నూజివీడు తోటల్లో మామిడి కోతలు దాదాపు అయిపోతాయి. వేసవంతా తోటల్లో కాపలా ఉన్నవాళ్లు, చిక్కాలతో కాయ దించినవాళ్లు, గాలిదుమారానికి రాలిన కాయలు ఏరినవాళ్లు తమ పిల్లల్ని మళ్లీ బడికి పంపాలి. అందరూ పంపరు. కొందరు పిల్లలు ఆలస్యంగా వస్తారు, కొందరు నేర్చింది మరిచిపోయి వస్తారు, ఒకరిద్దరు అసలే రారు. ఆగిరిపల్లి నుంచి ముసునూరు, చాట్రాయి దాకా ఈ పిల్లలకు చదువు చెప్పేవారిలో క్రైస్తవ ఉపాధ్యాయులు తక్కువేమీ కాదు. ఆదివారం ఆరాధనలో కూర్చుని సోమవారం హాజరు పట్టీ తెరిచే వీళ్లకు, తమ విశ్వాసానికీ తరగతి గదికీ ఉన్న సంబంధం ఏమిటన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. ఉద్యోగం కూడా పరిచర్యే అని సంఘంలో జవాబు చెబుతారు. మంచి మాటే. అయితే ఆ పరిచర్య దేనిలో కనబడాలి? ప్రార్థనలోనా, బోధలోనా, పలకరింపులోనా? ఉపాధ్యాయుడు ఏ పిల్లవాడి దగ్గర ఎంతసేపు నిలబడ్డాడన్న దానిలో తప్ప మరెక్కడా కనబడనక్కర్లేదని నా అభిప్రాయం. అదొక్కటీ నెరవేరితే, మిగతావి లేకపోయినా లోటుండదు.

దీనికి చరిత్ర కూడా కొంత సాక్ష్యం చెబుతుంది. నూజివీడుకు ఒక పక్క ఏలూరు, ఇంకో పక్క బెజవాడ, కిందికి దిగితే బందరు. మూడూ చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషనరీల కేంద్రాలే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు చేరారు. 1843లో నోబుల్ ఇంగ్లీషు బడి పెట్టాడు. పై కులాల కుటుంబాలు ఉద్యోగాల ఆశతో పిల్లల్ని పంపాయి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకోగానే ఊళ్లో అలజడి రేగింది, బడి దాదాపు ఖాళీ అయింది. చదువు పేరుతో మతం మారుస్తారన్న అనుమానం ఆ రోజు నుంచి క్రైస్తవ ఉపాధ్యాయుడి వెంటే నడుస్తోంది. ఆ అనుమానం పూర్తిగా అన్యాయమైనదని అనలేం. నోబుల్ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. బడి ఆయనకు సువార్తకు దారి.

ఇదే ప్రాంతంలో ఇంకో కథ కూడా నడిచింది. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని వెతుక్కుంటూ వెళ్లాడు. వెంకయ్య వెనక మాలపల్లెలు కదిలాయి. ఆ పల్లెలకు కావలసింది ఇంగ్లీషు కాలేజీ కాదు, అక్షరం. తాటాకుల పాకలో, పగలు కూలికి పోయినవాళ్లకు రాత్రి దీపం కింద పలక పట్టించిన పల్లె ఉపాధ్యాయుడు అలా పుట్టాడు. బడి పంతులూ ఆయనే, ప్రార్థన నడిపేదీ ఆయనే, అర్జీ రాసిపెట్టేదీ ఆయనే. జీతం అంతంత మాత్రం. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొదటి భారతీయుడు, తన సంఘాన్ని ఎక్కువగా నిలబెట్టింది ఈ పల్లె పంతుళ్ల భుజాల మీదే. ఇవాళ నూజివీడు ప్రాంతంలో ప్రభుత్వ ఉపాధ్యాయులుగా ఉన్న క్రైస్తవుల్లో చాలామంది తాతో ముత్తాతో అక్షరం దిద్దింది అలాంటి పాక కిందే. బందరు బడి, పల్లె పాక రెండూ మిషన్ వారసత్వమే. నేటి ఉపాధ్యాయుడు వాటిలో రెండోదాన్ని ఎంచుకోవాలి.

చట్టం కూడా దాదాపు అదే చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాడినీ మత బోధకో ఆరాధనకో హాజరు కమ్మని బలవంతం చేయకూడదనీ అంటుంది. అంటే జడ్పీ హైస్కూల్లో సరస్వతీ పూజ రోజున క్రైస్తవ ఉపాధ్యాయురాలిని కొబ్బరికాయ కొట్టమని ఒత్తిడి చేయడం ఎంత తప్పో, మిషన్ బడిలో హిందూ పిల్లవాడి చేతులు జోడింపించి ప్రార్థన వల్లె వేయించడమూ అంతే తప్పు. మొదటిదాని మీద ఫిర్యాదు చేసే మనలో ఎంతమంది రెండోదాన్ని గమనిస్తాం? కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ లేచి నిలబడ్డారు కానీ పాడలేదు. బడి వాళ్లను తీసేసింది. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పిచ్చింది. గౌరవంగా నిలబడితే చాలు, నోరు మెదపకపోవడం అవమానం కాదని తేల్చింది. పూజ జరుగుతున్నప్పుడు పక్కన మౌనంగా నిలబడే టీచరుకూ ఈ తీర్పు ధైర్యమిస్తుంది, ప్రార్థన జరుగుతున్నప్పుడు మౌనంగా ఉండే పిల్లవాడికీ ఇస్తుంది.

కానీ తరగతిలో నిత్యం ఎదురయ్యేవి ఇంత పెద్ద విషయాలు కావు. ఆగిరిపల్లి శోభనాచలస్వామి కొండకు వెళ్లొచ్చిన ఆరో తరగతి పిల్ల మర్నాడు ఆకులో చుట్టిన ప్రసాదం తెచ్చి "తీసుకోండి టీచర్" అంటుంది. టీచరు చేయి చాపుతుందా? విగ్రహాలకు అర్పించినది తినవచ్చా అన్న ప్రశ్న కొరింథులో మొదటి శతాబ్దంలోనే వచ్చింది. దానికి పౌలు రాసిన జవాబు అటూ ఇటూ ఎంతో తూచి రాసింది. తినడం తినకపోవడం దేవుని ముందు మనల్ని పెంచదు తగ్గించదు, ఎదుటివాడి బలహీనమైన మనస్సాక్షికి దెబ్బ తగలకుండా చూసుకోమన్నాడు. తెలుగు సంఘాల్లో ఆ మాటను సాధారణంగా 'తినకూడదు' అన్న ఒక్క ముక్కగా కుదిస్తారు. తరగతిలో బలహీనమైన మనస్సాక్షి ఎవరిది? చేయి చాపిన ఆ పిల్లది. తీసుకోలేని టీచరు తీసుకోనక్కర్లేదు, అది ఆమె నిష్ఠ. కానీ ముఖం తిప్పుకుంటే, 'ఇవి మేం ముట్టం' అని నలుగురి ముందు అంటే, ఆ పిల్ల ఆ రోజు నేర్చుకునే పాఠం పుస్తకంలో లేనిది. అదే టీచరు క్రిస్మస్‌కు కేకు తెచ్చి పంచినప్పుడు ఏ పిల్లా ముఖం తిప్పుకోదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తెలుగు చెప్పే క్రైస్తవ ఉపాధ్యాయుల సంగతి ఇంకా ఆసక్తికరం. పోతన భాగవతం లేకుండా తెలుగు వాచకం సాగదు. గజేంద్రుడి మొర చెబుతూ గొంతులో తడి రాకపోతే ఆ పాఠం పిల్లలకు చేరదు. ఇందులో సందేహపడే ఉపాధ్యాయులకు గుర్రం జాషువా దారి చూపించాడు. తండ్రి పాస్టరు. గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లపాటు పనిచేసి, తర్వాత ప్రభుత్వ బడిలో తెలుగు పండితుడయ్యాడు. పురాణాలు చదువుతున్నాడనీ, వాటి మీద పద్యాలు రాస్తున్నాడనీ సంఘ పెద్దలు ఆయన్ను దూరం పెట్టారు. ఇటు కులం పేరు అడిగి పండితులూ దూరం పెట్టారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది మాత్రం ఆయన 'క్రీస్తు చరిత్ర'కే. పురాణం బాగా చదివినవాడే క్రీస్తు కథను తెలుగు పద్యంలో అంత బాగా చెప్పగలిగాడు. ఆయన్ను దూరం పెట్టిన పెద్దల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు.

ఇక బెత్తం. దీని గురించి సంఘాల్లో మాట్లాడుకోవడం ఇష్టం లేకపోవచ్చు. సామెతల గ్రంథం బెత్తాన్ని మెచ్చుకుంటుంది. మన పాత పంతుళ్ల 'దండం దశగుణం భవేత్' దానికి తోడైంది. క్రమశిక్షణకు పేరుపడ్డ బడుల్లో చాలా వాటికి ఆ పేరు తెచ్చింది బెత్తమే. తల్లిదండ్రులు కూడా 'బాగా కొట్టి చెప్తారు' అని మెచ్చుకుని చేర్పించేవారు. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టానికి భయపడి బెత్తం కింద పెట్టినవాళ్లున్నారు, మనసొప్పక పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మధ్య తేడా పిల్లలు ఇట్టే పసిగడతారు. బెత్తం పోయి వెటకారం వస్తే ఏం లాభం? 'మీ అయ్య మామిడికాయలు మోసేవాడే, నువ్వూ అంతే' అన్న మాట బెత్తం కంటే లోతుగా దిగుతుంది. అలాంటి మాట అన్న నోటితోనే ఆదివారం పాట పాడే ఉపాధ్యాయుణ్ని నిలదీయడానికి చట్టం చాలదు. సంఘమే నిలదీయాలి. చిన్నపిల్లల్ని తన దగ్గరికి రానివ్వమనీ, అడ్డగించవద్దనీ శిష్యుల్ని కోప్పడిన యేసును నమ్మేవాళ్లకు సామెతల గ్రంథంలోని బెత్తం ముందుగా గుర్తుకు రావడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నూజివీడులో ఇంకో ఒత్తిడి ఉంది. 2008లో ఇక్కడ ట్రిపుల్ ఐటీ పెట్టారు. పదో తరగతి మార్కుల మీద గ్రామీణ పిల్లలకు సీట్లిచ్చే సంస్థ. రైతుకూలీల పిల్లలు ఇంజనీర్లు కావడం ఈ ప్రాంతంలో ఇప్పుడు కళ్లెదుట కనబడే విషయం. దాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ దీని నీడ కూడా బడుల మీద పడింది. ప్రతి హైస్కూలుకూ ఏటా 'మా బడి నుంచి ఇంతమందికి సీటు' అని ఫ్లెక్సీ కట్టాలి. దాంతో ఉపాధ్యాయుల సాయంత్రాలన్నీ ముందు వరుసలో కూర్చునే నలుగురైదుగురి చుట్టూ తిరుగుతాయి. తప్పిపోయిన గొర్రె ఉపమానం తెలియని క్రైస్తవుడు ఉండడు. తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెళ్లిన కాపరి కథ అది. మన బడుల్లో అది తిరగబడింది. సీటు వచ్చే నలుగురి కోసం మిగతా ముప్ఫై ఆరుగురిని వదిలేస్తున్నాం. జూన్‌లో రాని పిల్లవాడి ఇంటికి వెళ్లి తీసుకురావడం, తొమ్మిదో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాల నుంచి మొదలుపెట్టడం, ఇవి ఏ ఫ్లెక్సీ మీదకూ ఎక్కవు, ఏ అధికారీ లెక్కలోకి తీసుకోడు. విశ్వాసం అన్నది నిజంగా ఉపయోగపడాల్సింది ఇలాంటి చోటే. ప్రతిఫలం లేని చోట పనిచేయించగలిగేది జీతం కాదు.

ఇంకొకటి, చిన్నదే అయినా చెప్పాలి. రసాయనశాస్త్రంలో కాల్షియం కార్బైడు నీటితో కలిస్తే ఎసిటిలీన్ వస్తుందని చెబుతాం. మామిడి ఊళ్లో ఆ పాఠాన్ని అక్కడితో ఆపేయడం సులువు. కార్బైడుతో కాయ మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయనీ, అందులో ఆర్సెనిక్ జాడలుంటాయనీ, దాని బదులు ఎథిలీన్ వాయువును పరిమితిలో వాడవచ్చనీ చెప్పడం కష్టం. తరగతిలో కొందరి నాన్నల గోదాముల్లో ఆ పొట్లాలుంటాయి కాబట్టి. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్నది పది ఆజ్ఞల్లో ఉంది. దాని అసలు ఖరీదు తెలిసేది ఇలాంటి పాఠంలోనే.

మిషన్ యాజమాన్యాలకూ ఒక మాట. సెయింట్ అన్న పేరు తగిలించుకున్న బడులన్నీ సంఘాలవి కావని అందరికీ తెలుసు, ఆ పేరు ఇప్పుడు వ్యాపారానికీ పనికొస్తోంది. నిజంగా సంఘాలవైన బడుల సంగతే అడుగుతున్నాను. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని తేల్చింది. మొదటి తరగతిలో నాలుగోవంతు సీట్లు పేద పిల్లలకివ్వాలన్న నిబంధన నుంచి అలా మినహాయింపు దొరికింది. చట్టం మినహాయించింది సరే, వాక్యం మినహాయించిందా?

ఇన్నీ చెప్పాక అసలు అడ్డంకి దగ్గరికి రావాలి. నూజివీడు ప్రాంతంలో చాలామంది ఉపాధ్యాయులు తమ విశ్వాసం గురించి బడిలో మాట్లాడకపోవడానికి కారణం నిగ్రహం కాదు, ఎస్సీ హోదా పోతుందన్న భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. మన రాష్ట్రంలో ఆ కుటుంబాలు బీసీ-సి కిందికి వెళ్తాయి. అక్కడ రిజర్వేషన్ ఒక్క శాతం, ఎస్సీలకు పదిహేను. 16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీ లాంటిదానిలో ఆ తేడా అంటే ఒక కుటుంబం జీవితం. రిజర్వేషన్ కోసమే పైకి హిందువుగా చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో కఠినంగానే చెప్పింది. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతికే ఉపాధ్యాయుడు పిల్లలకు సత్యసంధత ఎలా నేర్పుతాడని అడగవచ్చు. అడగాలి కూడా. అయితే మాలపల్లెలో చర్చి కట్టుకున్నంత మాత్రాన ఊరు అతన్ని మాలవాడిగా చూడటం మానలేదు, బావి దగ్గర లెక్క మారలేదు. కులం వెంటాడుతూనే ఉండి, కులానికి రక్షణ మాత్రం తీసేసిన ఉత్తర్వును ప్రశ్నించకుండా, దాని కింద నలిగే మనిషిని మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. ఎస్సీ కోటా పలచబడుతుందన్న ఆందోళన ఇతర దళితుల్లో ఉంది, అది తోసిపుచ్చదగ్గది కాదు. కోటా పెంచడమో, విడిగా వాటా ఇవ్వడమో ఆలోచించవచ్చు. విశ్వాసాన్ని దాచుకుంటేనే ఉద్యోగం నిలుస్తుందన్న స్థితి మాత్రం లౌకిక రాజ్యానికి తగదు. ఆ తీర్మానం తర్వాత పార్టీలు మారాయి, ప్రభుత్వం మారింది. పార్టీ ఏదైనా మన ఎంపీలు దీన్ని పార్లమెంటులో లేవనెత్తి కేంద్రంతో జవాబు చెప్పించాలి.