సంకరవరి విత్తనము – రైతు స్వాతంత్ర్యము

ఏరువాక సమీపించినపుడెల్ల సంకరవరి విత్తనమును గూర్చిన ప్రకటనలు పట్టణముల గోడలమీదను, గ్రామముల చావళ్లయందును వెలయుచుండును. ఎకరమునకు ఇన్ని బస్తాలు పండునని వానియందు పెద్ద యక్షరములతో నుండును. ఆ పంటకు కారణమగు గుణము మఱుసటి యేటికి నిలుచునా యను ప్రశ్నకు మాత్రము వానియందు సమాధానము కానరాదు. ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకే గాక పౌరులకందఱకును సంబంధించినదని మా యభిప్రాయము.

వరిపువ్వునందే పుప్పొడియు, కీలాగ్రమును ఉండుటచే బిడ్డ తల్లిని బోలియే పుట్టుట దాని సహజధర్మము. అందుచేతనే మన పెద్దలు మంచి వెన్నులనేఱి గాదెలో దాచి, తరతరములుగా నదే విత్తనమును జల్లుకొనగలిగిరి. మారుటేరు స్వర్ణయు, బాపట్ల సాంబ మసూరియు నిట్టి స్థిరజాతులే. సంకరవరి సంగతి వేఱు. రెండు భిన్నజాతుల కలయికచే పుట్టిన మొదటి తరము తల్లిదండ్రుల నిరువురను మించి పండును. స్థిరజాతులకంటె నూటికి 15 మొదలు 20 వంతుల వఱకు దిగుబడి హెచ్చుగా నుండునని సాధారణముగా చెప్పబడుచున్నది.

ఈ హెచ్చు ఎక్కడనుండి వచ్చును? దుబ్బునకు వెన్నులెన్ని, వెన్నునకు గింజలెన్ని, గింజ బరువెంత యను మూడు లెక్కల గుణకారమే దిగుబడి. ఒక్కొక్క లెక్కకు పెక్కు జన్యువులు కారణములు. గింజల సంఖ్యను శాసించు జన్యువొకటి 2005లో జపానున గుర్తింపబడినది. 2016లో చైనా శాస్త్రజ్ఞులు 17 సంకరములనుండి పుట్టిన 10,074 రెండవతరపు వంశములను పరీక్షించి, అన్నిటికిని వర్తించు కారణమేదియు లేదనియు, ఒక్కొక్క వర్గమున కొలది జన్యుస్థానములే యధికఫలమున కాధారములనియు తేల్చిరి. తల్లి కొఱతను తండ్రియు, తండ్రి కొఱతను తల్లియు తీర్చుట యిందలి ముఖ్యమర్మము.

అట్లు కూడిన జంటలు మఱుసటి తరమున విడిపోవును. 1866లో మెండెలు బఠానీలయందు చూపిన న్యాయమే యిది. ఒక్క జన్యువునే గ్రహింతము. మొదటి తరమున మొక్కలన్నియు మిశ్రములు. రెండవ తరమున సగమే మిశ్రములు, నాల్గవ వంతు తాతను, నాల్గవ వంతు అవ్వను బోలును. పెక్కు జన్యువులకు ఈ విభాగము జరిగినపుడు మడిలో నొకటి పొడుగు, నొకటి పొట్టి. ఒకటి ముందు పండును, నొకటి పచ్చిగా నుండును.

ఇంకొక చిక్కు కలదు. యువాన్ లాంగ్‌పింగు బృందము 1970లో హైనాను ద్వీపమున పుప్పొడి నిస్సారమైన యడవివరి మొక్కను కనుగొనినది. ఆ దోషము తల్లివెంటనే వచ్చును. తండ్రియందలి జన్యువులు దానిని సరిదిద్దును. ఈ యుపాయముచేతనే 1976 మొదలు చైనాలో సంకరవరి విస్తరించినది; మనదేశమున 1994లో తొలి సంకరములు వెలువడినవి. రెండవ తరమున దోషము అన్ని మొక్కలకును సంక్రమించును గాని, దిద్దు జన్యువు అన్నిటికిని దక్కదు. దక్కని మొక్కలకు తాలే మిగులును.

కావున ఏటేట విత్తనము కొనవలసివచ్చుట కేవలము వర్తకుల కుట్ర యనుట న్యాయము గాదు, అది ప్రకృతిధర్మము. అయితే ఆ ధర్మము మాటున జరుగు వ్యవహారము మనుష్యులది. 2001వ సంవత్సరపు వృక్షజాతుల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము తన పంటనుండి విత్తనము దాచుకొని మరల జల్లుకొను హక్కును రైతునకు ఒసగినది. శాసనమిచ్చిన యీ హక్కు సంకరవరి మడిలో నిరర్థకమగుచున్నది. హక్కు పత్రమున నుండి, గాదెలో లేకపోయిన నేమి ప్రయోజనము?

తెలంగాణమున పూర్వపు కరీంనగరము, వరంగల్లు జిల్లాలు ఈ విత్తనమునకు పుట్టినిండ్లు. అచ్చటి రైతులు ఆడవరుసలు, మగవరుసలు నాటి, పూతవేళ త్రాళ్లు లాగి పుప్పొడిని రాల్చుదురు. రెండు వరుసల పూతయు నొకే కాలమున రాకున్న గింజ పట్టదు. ఆ నష్టము నెవరు భరింపవలయునో తెలుపు పత్రము సాగుదారు చేతిలో నుండవలదా?

మేము కోరునవి నాలుగు. సంచిమీద, ఈ పంటను విత్తనముగా దాచుకొనరాదని తేటతెలుగున పెద్ద యక్షరములతో ముద్రింపవలయును. విత్తన సాగుదారులకు వ్రాతమూలక మగు ఒడంబడిక విధిగా నుండవలయును. తల్లిదండ్రుల జాతులు ప్రభుత్వ పరిశోధనాలయముల యధీనమున నుండి రైతుల సహకార సంఘములకు లభింపవలయును. సంకరపు మొక్క తనవంటి విత్తనమునే యిచ్చునట్లు చేయవచ్చునని 2019లో శాస్త్రజ్ఞులు ప్రయోగములయందు చూపిరి. ఆ విద్య మడికి వచ్చునాటికి అది ప్రజల సొత్తుగా నుండునట్లు మన ప్రభుత్వములు నేడే పూనుకొనవలయును.

అధికోత్పత్తిని మేము నిరాకరింపము. ఆకలి తీర్చు ఏ విద్యయు మనకు పరాయిది గాదు. తాను కొనునది ఒక్క యేటి ఫలమని యెఱిగి కొనువాడు వ్యవసాయకుడు. ఎఱుగక కొనువాడు పరాధీనుడు. ఈ యెఱుకను పల్లెలకు చేర్చుట పఠనాలయములలో కూర్చున్న మనవంటివారి విధి.