కుర్చీ మనదే, కూర్చునేది ఎవరు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు విలువ గురించి రాద్దామనుకున్నాం. అది ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఒక మనిషి గురించి రాస్తున్నాం. ఆయన యుద్ధం చేసి వచ్చిన సైనికుడు. తరువాత మన మనుబోలు కంటే చిన్న ఊరికి మేయరయ్యాడు. పేరు చార్లెస్ ఎవర్స్. ఊరు అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఫేయెట్. ఎక్కడి అమెరికా, ఎక్కడి మనుబోలు అనుకోవద్దు. చివరిదాకా చదివితే ఇది మన పేట సంగతేనని మీకే తెలుస్తుంది.

చార్లెస్ 1922లో మిసిసిపిలోని డెకేటర్ అనే ఊళ్ళో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి ఫిలిప్పీన్స్ దాకా వెళ్ళాడు. తమ్ముడు మెడ్గర్ ఎవర్స్ అదే యుద్ధంలో ఫ్రాన్సులో పనిచేశాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడే యుద్ధమని చెప్పి తీసుకెళ్ళారు. ఇద్దరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. 1946లో అన్నదమ్ములిద్దరూ మరికొందరు మాజీ సైనికులతో కలిసి సొంత ఊళ్ళో ఓటు వేయడానికి వెళ్ళారు. తెల్లవారి గుంపు ఆయుధాలు పట్టుకుని అడ్డం నిలబడింది. దేశం కోసం తుపాకీ పట్టినవాళ్ళు ఓటు వేయకుండానే ఇంటికి వెళ్ళిపోవలసి వచ్చింది.

ఇది చదివినప్పుడు మాకు అంబేద్కర్ గారి చిన్నతనం గుర్తుకొచ్చింది. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ 1891లో పుట్టింది కూడా మహూ కంటోన్మెంటులోనే. ఆ సుబేదారు కొడుకునే బడిలో తోటి పిల్లలకు దూరంగా గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. సరిహద్దులో మన మనిషి పనికొస్తాడు. ఊళ్ళోకి వచ్చేసరికి ఆయన ఎక్కడ కూర్చోవాలో వేరేవాళ్ళు చెబుతారు. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

తమ్ముడు మెడ్గర్ నల్లజాతి హక్కుల సంఘం తరఫున మిసిసిపి అంతా తిరిగి పనిచేశాడు. 1963 జూన్ 12న జాక్సన్ నగరంలో సొంత ఇంటి ముందే ఆయన్ను కాల్చి చంపారు. హంతకుడికి శిక్ష పడింది 1994లో. తమ్ముడు చనిపోయాక ఆ బాధ్యతను అన్న ఎత్తుకున్నాడు. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం అండతో మిసిసిపి నల్లవారు వేల సంఖ్యలో ఓటర్లుగా నమోదయ్యారు. 1969లో, సుమారు 1,700 జనాభా ఉన్న ఫేయెట్‌కు చార్లెస్ మేయరుగా గెలిచాడు. నల్లవారు, తెల్లవారు కలిసి ఉండే మిసిసిపి ఊళ్ళలో నల్లజాతి మనిషి మేయరు కావడం దాదాపు వందేళ్ళలో అదే మొదలు.

గెలిచాక ఏం చేశాడు? ఊళ్ళో తుపాకీ పట్టుకు తిరగడాన్ని నిషేధించాడు. తమ్ముణ్ణి తుపాకీకి పోగొట్టుకున్నవాడు, స్వయంగా సైనికుడు, చేసిన పని ఇది. తన హయాంలో ఊరికి ఆరోగ్య కేంద్రం, ఫ్యాక్టరీ తెచ్చాడు. 1971లో గవర్నరు పదవికి నిలబడి ఓడిపోయాడు. ఓడిపోయినా ఊరు వదల్లేదు. రెండు విడతలుగా మొత్తం 16 ఏళ్ళు మేయరుగా ఉన్నాడు. 2020లో 97 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన దేవుడని మేము చెప్పడం లేదు. ఉద్యమంలోకి రాకముందు షికాగోలో చట్టవిరుద్ధమైన వ్యాపారాలు చేసి సంపాదించానని ఆయనే తన జీవితకథలో రాసుకున్నాడు. తెల్లవారి దుకాణాల బహిష్కరణ రోజుల్లో మాట తప్పిన సొంతవాళ్ళను బెదిరించాడు. ఫేయెట్ ఉన్న జెఫర్సన్ కౌంటీ నేటికీ అమెరికాలోని బాగా పేద ప్రాంతాల్లో ఒకటి. ఒక మనిషి కుర్చీ ఎక్కినంత మాత్రాన పేదరికం పోదు. అయితే ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి దవాఖానా ఎక్కడ కట్టాలో, పోలీసు ఎవరి మాట వినాలో మారుతుంది. మేము చెప్పదలచుకున్నది అంతవరకే.

ఇక మన సంగతికి వద్దాం. ఓటు కోసం మిసిసిపి నల్లవారిలో చాలామంది 1965 దాకా ఆగవలసి వచ్చింది. మనకు రాజ్యాంగంతోనే ఓటు వచ్చింది. 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి పంచాయతీల్లో మన జనాభా దామాషాలో సీట్లు కేటాయించాలి. అంటే కుర్చీ కాగితం మీద మనదే. మరి అందులో కూర్చునేది ఎవరు?

మా బంధువుల ఊరొకటి ఉంది. పేరు రాయం. అక్కడ సర్పంచ్ పదవి మనవాళ్ళకు రిజర్వయింది. గెలిచిన పెద్దాయన పొద్దున్నే కూలికి పోయేవాడు. పంచాయతీ ఆఫీసులో వేరే ఆయన కూర్చునేవాడు. సంతకం కావాలంటే పొలం గట్టుకే కాగితం పంపించేవాళ్ళు. "ఏముందో చదివావా పెద్దాయనా?" అని అడిగితే, "మనకేం తెలుసు నాయనా, పెట్టమన్నచోట పెట్టినా" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఆ ఊళ్ళో మనవాళ్ళ పిల్లలు నలుగురు డిగ్రీ దాకా చదివారు. కాగితం చదివి వినిపించడానికి ఆ నలుగురిలో ఒక్కరూ ఊళ్ళో లేరు.

కాగితం మీది హక్కు తనంతట తాను నడిచి రాదు. మహద్ మునిసిపాలిటీ 1924లోనే చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. 1927 మార్చి 20న అంబేద్కర్ గారు జనంతో వెళ్ళి దోసిట్లో నీళ్ళు తీసుకునేదాకా ఆ తీర్మానం పుస్తకంలోనే ఉండిపోయింది.

ఈ మాటలంటే మాకు వచ్చే జవాబు ఒక్కటే. "ఎందిరా అబ్బయ్యా, ఉద్యోగం తెచ్చుకోవాల్సినోడివి, ఈ పంచాయతీల గొడవ నీకెందుకు?" ఇంట్లోవాళ్ళ భయం అబద్ధం కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇప్పుడు పీజీ. చేసిన అప్పులు మా ఉద్యోగం కోసమే ఎదురు చూస్తున్నాయి. మేమూ గ్రూప్స్‌కు చదువుతున్నాం, దరఖాస్తులూ పెడుతున్నాం. ఉద్యోగం వద్దని ఎవరికీ చెప్పం. అయితే మన హాస్టల్ నుంచి బయటికి వెళ్ళిన ప్రతివాడూ నెల్లూరో, హైదరాబాదో, బెంగళూరో చేరి సంక్రాంతికి మాత్రమే ఊరు చూస్తే, పొలం గట్టు మీద సంతకాలు పెట్టే పెద్దాయనలు అలాగే ఉండిపోతారు. ప్రభుత్వ సొమ్ముతో, మన పేరు మీద వచ్చిన రిజర్వేషన్‌తో చదువుకున్నాం. ఆ బాకీ ఫీజులతో తీరేది కాదు.

తమ్ముళ్ళూ, పెద్ద పనులు చెప్పం. సెలవులకు వెళ్ళినప్పుడు గ్రామసభ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. వెనకాల నిలబడకుండా కూర్చోండి. తీర్మానాల పుస్తకం చూపించమనండి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు రాయండి. మనవాళ్ళు ఎవరైనా సర్పంచ్ అయితే పక్కన కూర్చుని ప్రతి కాగితమూ చదివి వినిపించండి. అన్నల్లారా, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఎన్నికల్లో నిలబడలేరు, నిజమే. నిలబడే తమ్ముడికి అండగా ఉండగలరు.

పంచాయతీకి పోటీ చేయడానికి 21 ఏళ్ళు నిండితే చాలు. చార్లెస్ ఎవర్స్‌ను ఓటు దగ్గర ఆపిన 1946కూ, ఆయన మేయరైన 1969కూ నడుమ 23 ఏళ్ళు. మా వయసూ ఇప్పుడు సరిగ్గా అంతే. వచ్చే పంచాయతీ ఎన్నికలకు మేము ఊళ్ళోనే ఉంటాం. మీరూ రండి.