చేయి ఎత్తినా లెక్కకు రాని కుర్చీ

మున్సిపల్ ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ మన జమాత్‌లలో ఒకే తంతు నడుస్తుంది. వార్డుల్లో గెలుపోటముల చర్చ రెండు రోజుల్లో చల్లారిపోతుంది. ఆ తరువాతే అసలు పోటీ మొదలవుతుంది. కో-ఆప్షన్ పదవి ఎవరికి? మార్కాపురమైనా, గిద్దలూరైనా, కనిగిరియైనా పెద్దలు నాయకుల ఇళ్ల ముందు వరుస కడతారు. ఒక మసీదు వారికీ ఇంకో మసీదు వారికీ మాటలు తెగిపోతాయి. పదవి దక్కినవారికి శాలువాలు, పూలదండలు, సెంటర్లో ఫ్లెక్సీ. ఆ దండలు వేసినవారిలో మేమూ ఉన్నాం. కనుకనే ఈ మాట చెప్పవలసిన బాధ్యత మాపై ఉందని భావిస్తున్నాం. ఆ కుర్చీకి ఓటు లేదు.

రాజ్యాంగంలోని 243-ఆర్ అధికరణం పురపాలనలో ప్రత్యేక పరిజ్ఞానం, అనుభవం గలవారిని సభలోకి తీసుకొనేందుకు రాష్ట్రాలకు వీలు కల్పిస్తూనే, వారికి ఓటు హక్కు ఉండదని తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలో 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద మైనారిటీలకు దక్కే కో-ఆప్షన్ స్థానం గతీ అంతే. సభలో కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు. తీర్మానంపై చేయి ఎత్తితే మాత్రం ఆ చేయి లెక్కకు రాదు. అదే సభలో ఎక్స్ అఫీషియో సభ్యులుగా కూర్చొనే శాసనసభ్యునికీ, పార్లమెంటు సభ్యునికీ ఓటు ఉంది. ఇంకొక సంగతి మనం గమనించడం లేదు. ఈ మైనారిటీ ప్రతినిధిని ఎన్నుకొనేది మైనారిటీలు కారు, కౌన్సిల్ సభ్యులు. అనగా ఎవరికి మెజారిటీ ఉంటే వారు కోరుకున్న మనిషే మన ప్రతినిధి అవుతాడు. ఆయన జవాబు చెప్పుకోవలసింది తనను కూర్చోబెట్టినవారికి గాని మనకు కాదు. మనిషి మంచివాడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

కొన్నేళ్ల కిందట మా పడమటి ప్రాంతంలోని ఒక పట్టణంలో జరిగినది చెబుతాం. ఖబరస్థాన్‌కు వెళ్లే దారిలో మురుగుకాలువ పొంగి, జనాజాను మోకాలిలోతు నీళ్లలో మోసుకుపోవలసి వచ్చేది. రెండు వందల సంతకాలతో అర్జీ రాసి కో-ఆప్షన్ సభ్యుని చేతిలో పెట్టాం. ఆయన నిజాయితీపరుడు. సభలో లేచి చక్కగా మాట్లాడాడు. అధ్యక్షస్థానం నుంచి ‘చూద్దాం’ అన్నారు. కాలువల పనుల జాబితాలో వేరే వీధి పేరు చదివి ఆమోదం అడిగినప్పుడు ఆయన వ్యతిరేకంగా చేయి ఎత్తాడు. ‘మీ చేయి రాసుకోవడానికి లేదండీ’ అని మెల్లగా చెప్పారట. బయటికి వచ్చి మాతో ఆ మాట చెబుతూ ఆయన నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఉద్యోగ జీవితమంతా ఫైళ్లు మోసిన మాకు, ఆ అర్జీకి నంబరు సైతం పడలేదని తెలుసుకొనేందుకు మూడు నెలలు పట్టింది.

ఆ వీధి ఉన్న వార్డులో మన ఓట్లు తక్కువేమీ కావు. గెలిచిన కౌన్సిలరు మన ఓట్లతోనే గెలిచాడు. అయినా మేము ఆయన గడప తొక్కలేదు. ‘మన మనిషి’ లోపల ఉన్నాడుగదా అనుకొన్నాం. కో-ఆప్షన్ పదవి మనకు చేసిన అసలు నష్టం ఇదే. ఓటున్నవాణ్ణి అడగడం మానిపించింది.

ఒక వార్డు విలువ ఎంతో 2021లో తాడిపత్రి చూపింది. 36 వార్డుల్లో తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16 వచ్చాయి. శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుని ఎక్స్ అఫీషియో ఓట్లతో రెండు పక్షాలూ సమానమయ్యే స్థితిలో, సీపీఐ గెలిచిన ఒక్క వార్డూ, స్వతంత్రుడు గెలిచిన ఒక్క వార్డూ చైర్మన్ ఎవరో నిర్ణయించాయి. మన మొహల్లాలు ఉన్న పట్టణాల్లో అలాంటి వార్డులు లేవా?

ఇక కోరం సంగతి. సభ చెల్లుబాటు కావడానికి ఉండవలసిన కనీస హాజరే కోరం. చైర్మన్, వైస్ చైర్మన్ల ఎన్నికకు ఓటు హక్కున్న సభ్యుల్లో సగం మందైనా హాజరు కావాలి. కో-ఆప్షన్ సభ్యుడు ఆ లెక్కలోనూ లేడు. వచ్చినా రాకున్నా సభకు తేడా పడదు. హాజరుకు ఎంత బలముందో 2025 ఫిబ్రవరిలో లోకం చూసింది. తిరుపతి డిప్యూటీ మేయర్ ఎన్నిక కోరం లేక మరునాటికి వాయిదా పడింది. తునిలో వైస్ చైర్మన్ ఎన్నిక పలుమార్లు వాయిదా పడింది. అక్కడ జరిగిన రాజకీయాన్ని మేము మెచ్చుకోవడం లేదు. రాకుండా ఉండిపోయిన సభ్యుడు సైతం సభను ఆపగలిగాడు. మనవాడు వచ్చి కూర్చొని, మాట్లాడి కూడా ఏమీ ఆపలేడు.

కౌన్సిలే లేని కాలం మరీ ఘోరం. 2010 సెప్టెంబరులో గడువు తీరిన మున్సిపాలిటీలకు 2014 దాకా ఎన్నికలు లేవు. 2019 జూలైలో గడువు తీరితే మళ్లీ 2021 మార్చి దాకా ప్రత్యేకాధికారి పాలనే. అజెండా లేదు, కోరం లేదు, ఓటింగు లేదు. ఒక్క సంతకంతో అంతా సరి. గడువు తీరకముందే ఎన్నికలు జరగాలని 243-యు అధికరణం చెబుతున్నా మన జమాత్‌ల నుంచి ఒక్క వినతిపత్రం వెళ్లిన జ్ఞాపకం మాకు లేదు. కో-ఆప్షన్ కోసం మాత్రం ఎన్ని వినతిపత్రాలు వెళ్లాయో లెక్కలేదు.

‘ఉన్న ఒక్క కుర్చీనీ వదులుకోమంటారా?’ అని పెద్దలు అడుగుతారు. వదులుకోమనడం లేదు. మాట్లాడే హక్కు చిన్నదేమీ కాదు. అయితే ఆ పేరు నాయకుని ఇంట్లో కాక జమాత్‌లో, ఆడవారూ ఉన్న సమావేశంలో తేలాలి. ఆ కుర్చీలో కూర్చున్నవారు ప్రతి సభ అజెండానూ ముందుగా తెచ్చి మసీదు నోటీసు బోర్డుకు అంటించాలి. అప్పుడు ఏ అంశంపై ఏ కౌన్సిలరును నిలదీయాలో మొహల్లాకు తెలుస్తుంది. తీర్మానాల ప్రతులు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల గడువుంది.

వార్డుల హద్దుల వద్ద మరింత మెలకువ కావాలి. పునర్విభజన ముసాయిదా వెలువడి అభ్యంతరాలు కోరినప్పుడు మనం నిద్రపోతాం. ఒక మొహల్లాను మూడు వార్డులకు ముక్కలు చేసి పంచితే మూడు చోట్లా మనం కొసరు ఓట్లమే. అభ్యంతరం అన్నది వీధి పేరు, ఇంటి నంబర్లతో రాతపూర్వకంగా ఇవ్వాలి. టీ కొట్టు దగ్గర చెప్పుకొన్నది అభ్యంతరం కాదు. మున్సిపల్ ఓటర్ల జాబితా శాసనసభ జాబితా నుంచే తయారవుతుంది. అందులో పేరు లేనివారు వార్డులోనూ ఉండరు. పలకల గనులు చితికి, వానలు లేక హైదరాబాదు, బెంగళూరు పోయిన మన పిల్లల పేర్లు, పెళ్లయి వచ్చిన కోడళ్ల పేర్లు ఎన్ని ఇళ్లలో సరిగ్గా ఉన్నాయి? కొత్త పేరుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8.

మా పట్టణంలో ఈ నెల నుంచి ప్రతి జుమా నమాజు తరువాత కొందరం ఓటర్ల జాబితాతో మసీదు అరుగు మీద కూర్చుంటున్నాం. మొదటి వారం పదకొండు ఇళ్లవారు వచ్చారు. కో-ఆప్షన్ ఆశిస్తున్నవారు నలుగురు అటుగానే వెళ్లారు గాని ఆగలేదు.