ఇరవై నాలుగు చుట్లకి వెండి పతకం

మాస్టర్స్ మీట్లలో పదివేల మీటర్ల పరుగు పెట్టి, చుట్లు లెక్కపెట్టడానికి ఒకే ఒక్క మనిషిని కూర్చోబెట్టే నిర్వాహకులంటే నాకు ఒళ్ళుమంట. ఎందుకో చెప్తా. చదివాక మీకూ మండకపోతే నన్ను తిట్టండి.

మాది జంగారెడ్డిగూడెం. 2022 నుంచి ఏలూరు జిల్లా అయింది గానీ, మా నోటికి ఇంకా పశ్చిమ గోదావరే వస్తుంది. మా బాబాయి రిటైరైన డ్రిల్లు మాస్టారు. 35 దాటినవాళ్ళకి అయిదేళ్ళకో గ్రూపు చొప్పున పెడతారే, ఆ మాస్టర్స్ పోటీల్లో 63 ఏళ్ళ వయసులో మొదటిసారి 10,000 మీటర్లకి పేరిచ్చాడు. ఏడాదిపాటు తెల్లారగట్ల లేచి పరిగెత్తాడు. మీట్ పేరు ఇక్కడ అనవసరం. నేనూ సెలవు పెట్టుకుని చూడ్డానికి వెళ్ళా.

400 మీటర్ల మట్టి ట్రాకు, సున్నం గీతలు, 25 చుట్లు. నలభైల వాళ్ళనీ అరవైల వాళ్ళనీ కలిపి 12 మందిని ఒకేసారి వదిలారు. లెక్కకి ఒక్కడే కుర్రాడు. చేతిలో ఒక కాగితం, ప్రతి నంబరు ఎదురుగా గీతలు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, మనకి అలవాటే కదా. ముందున్నాయన 40 నిమిషాల్లో ముగించాడనుకోండి. అంటే చుట్టుకి 96 సెకన్లు. 60 నిమిషాలు పట్టేవాడికి చుట్టుకి 144. మొదటివాడు గీత దాటి నీళ్ళు తాగుతున్నప్పుడు ఇతను పదిహేడో చుట్టులో ఉంటాడు, ఇంకా ఎనిమిదికి పైగా మిగిలే ఉంటాయి. కానీ బోర్డు మీద అంకె మొదటివాడిది! అది సున్నాకి వచ్చేసింది. గంట కొట్టేశారు, చప్పట్లూ అయిపోయాయి. తర్వాతి పోటీకి సున్నం కూడా మొదలైంది. లెక్క నిజంగా అవసరమయ్యేది ఆ తర్వాతే, వెనకాల మిగిలినవాళ్ళకి. సరిగ్గా అప్పుడే ఎవరూ చూడరు.

బాబాయి గీత దాటాడు. "మాస్టారూ, అయిపోయిందండి, వచ్చెయ్యండి" అని చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఇంకోటుంది బాబూ" అన్నాడు రొప్పుతూ.

"షీట్లో ఇరవై అయిదున్నాయండి."

బాబాయి గుప్పిట విప్పాడు. పాతిక చింతపిక్కలతో మొదలెట్టి చుట్టుకొకటి పారేస్తూ వచ్చాడట. అరచేతిలో ఒక పిక్క మిగిలుంది. ఎవరు ఒప్పుకుంటారు? ఆయన వయసువాళ్ళలో రెండో స్థానం అన్నారు, మెళ్ళో వెండి పతకం వేశారు. కాసేపటికి ఇంకో పెద్దాయన "నాతో ఇరవై ఆరు పరిగెత్తించారు" అని గొడవ. ఇద్దరిదీ తెల్ల టోపీ, తెల్ల బనీను. ఒక్క గీత పక్క వరసలో పడింది, ఇద్దరి పరుగూ చెడింది.

నేనేం చేస్తున్నానంటారా? ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ప్రతి చుట్టుకీ నొక్కుతూ కూచున్నా. మధ్యలో ఆఫీసు కాల్ వచ్చింది, ప్రొడక్షన్ ఏదో పడిపోయిందని. ఎన్ని చుట్లు జారిపోయాయో నాకే తెలీదు. సాక్ష్యం చెప్పాల్సినప్పుడు నోరు లేవలేదు. అంచేత ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను. పన్నెండు మందిని ఒక్కడికి అప్పగించినవాళ్ళనే అంటున్నా.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ స్టీపుల్‌ఛేజ్‌లో లెక్కపెట్టే అధికారి పొరపాటుతో అందరూ ఒక చుట్టు ఎక్కువ పరిగెత్తారు, 3000 బదులు దాదాపు 3460 మీటర్లు. అసలు దూరానికి రెండో స్థానంలో ఉన్న అమెరికన్ మెక్‌క్లస్కీ, ఆ దండగ చుట్టులో మూడోవాడైపోయాడు. అందుకే ఇప్పుడు ప్రపంచ అథ్లెటిక్స్ నియమాలు స్పష్టంగా చెప్తున్నాయి: 5000 మీటర్లు, ఆపైన పరుగుల్లో చేత్తో రాస్తే ఒక్కొక్కరికి నలుగురు పరుగుగాళ్ళకి మించకూడదు. గీతలు కాదు, ప్రతి చుట్టు సమయమూ రాయాలి.

ఈ రెండో ముక్క మనవాళ్ళకి ఇట్టే అర్థమవ్వాలి. గీతలంటే కౌంటర్. తప్పు పడితే ఎక్కడ పడిందో దేవుడికి కూడా తెలీదు. సమయాలంటే లాగ్. 144, 146, 145 అని వస్తూ మధ్యలో 290 కనిపిస్తే ఒక ఎంట్రీ జారిందని తెలిసిపోతుంది. 40 కనిపిస్తే పక్కవాడిది ఇక్కడ పడిందని తెలిసిపోతుంది. లాగ్ లేకుండా సర్వర్ నడపని మనం, మనిషి ఏడాది కష్టాన్ని గీతలకి వదిలేస్తామా?

"చిప్ కట్టేస్తే పోలా?" అంటారు, తెలుసు. కట్టండి, నియమాలూ ఒప్పుకుంటాయి. కానీ అంత డబ్బు లేని మీట్ల సంగతేంటి? 12 మందికి ముగ్గురు మనుషులు, మూడు గడియారాలు, మూడు పెన్సిళ్ళు చాలు. "ఎవరి లెక్క వాళ్ళు చూసుకోవాలి" అంటారు ఇంకొందరు. బాబాయి చూసుకున్నాడుగా! ఆ పిక్కని ఎవరు లెక్కలో వేశారు? "ఆరోగ్యం కోసం పరిగెత్తేదానికి ఇంత పట్టింపా?" అనేవాళ్ళకి ఒకటే జవాబు. ఆరోగ్యం కోసమే అయితే ఎంట్రీ ఫీజు, పతకాలు, సర్టిఫికెట్లు ఎందుకండీ?

చిలుకూరు బాలాజీ గుళ్ళో వీసా కోసం మనలో ఎంతమంది తిరగలేదు? 108 ప్రదక్షిణలకి అంకెలు వేసిన కార్డు పట్టుకుని ఒక్కోటీ కొట్టేసుకుంటూ తిరుగుతాం. ధాన్యం కొలిచేటప్పుడు మా తాత "లాభం... రెండు..." అని కళ్ళంలో అందరికీ వినపడేలా పాడేవాడు. లెక్క పైకి వినపడితే తప్పు వెంటనే దొరుకుతుంది. అంత ఎరుక ఉన్న జాతికి ట్రాకు మీద ఏమొచ్చింది?

బాబాయి ఆ పతకం తీసుకెళ్ళి మూడో స్థానం వచ్చినాయన చేతిలో పెట్టేశాడు. కాగితం మీద మాత్రం ఇప్పటికీ రెండో స్థానమే. తర్వాతి ఏడాది మోకాలు పోయింది, డాక్టరు పరుగు వద్దన్నాడు. "నా పదివేలు 9,600 దగ్గరే ఆగిపోయిందిరా" అంటాడు నవ్వుతూ. ఆ నవ్వు నేను చూళ్ళేను.

ఇప్పుడు ఎక్కడ మాస్టర్స్ మీట్ జరిగినా నేను పెన్సిల్ పట్టుకుని వెళ్తున్నా. నలుగురే నా వంతు. ఫోన్ ఆపేస్తా. ప్రతి చుట్టుకీ వాళ్ళ నంబరు, మిగిలిన చుట్లు గట్టిగా అరుస్తా. ఆఖరివాడికి కూడా గంట కొట్టేదాకా లేవను. యాప్ రాస్తానని మాత్రం ఎవరూ రాకండి. మీ ఊళ్ళో మీట్ ఉంటే ఓ శనివారం పొద్దున వచ్చి కూర్చోండి. వస్తారా?