దత్తతకు దాంపత్యము పరీక్షయా?

2025 మార్చి 21వ తేదీన ఇటలీ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము వెలువరించిన తీర్పొకటి మన పాఠకులు శ్రద్ధతో గమనింపదగియున్నది. పరదేశపు శిశువును దత్తు గొనుటకు దంపతులు మాత్రమే అర్హులని ఆ దేశమున 1983వ సంవత్సరపు చట్టము శాసించియుండెను. ఫ్లోరెన్సు నగరపు బాలన్యాయస్థానము ఒక అవివాహిత స్త్రీ యర్జీని విచారించుచు, ఈ నిషేధము రాజ్యాంగమునకు సరిపడునా యని పై న్యాయస్థానమును ప్రశ్నించెను. సరిపడదని సమాధానము వచ్చెను. ఒంటివారైనంత మాత్రమున బిడ్డకు నిలుకడగల గృహమును సమకూర్పలేరని ముందుగానే తీర్మానించుట తగదనియు, తగుదురా తగరా యను సంగతిని ఒక్కొక్కరి విషయమున న్యాయమూర్తి విచారించి తేల్చవలయుననియు ఆ తీర్పు సారాంశము. నలువది రెండేండ్లు మూసియున్న తలుపు ఒక్కనాట తెఱచుకొనినది.

ఇటలీ వ్యవహారము మనకేల యని కొందఱడుగవచ్చును. దత్తత యనునది రెండు చేతుల పని. ఇచ్చునది యొక దేశము, పుచ్చుకొనునది మఱియొక దేశము. 1993లో హేగ్ నగరమున కుదిరిన అంతర్జాతీయ దత్తత ఒడంబడికలో మన దేశము 2003లో చేరినది. నాటినుండి మన శిశుగృహములోని బిడ్డ విదేశమునకు పోవలయునన్నచో ఉభయ దేశముల అధికారులును సమ్మతింపవలయును. విదేశమున స్థిరపడిన తెలుగు సోదరి యొకతె, అవివాహితయై, హైదరాబాదు శిశుగృహమునందలి బిడ్డను పెంచుకొన దలచెననుకొనుడు. తాను నివసించు దేశపు అధికారుల యోగ్యతాపత్రము లేనిదే ఆమె దరఖాస్తు ఇచ్చటికి రానేరదు. అక్కడి చట్టము ఒంటివారిని త్రోసిపుచ్చినచో ఇక్కడి బిడ్డ తొట్టెలోనే మిగులును. కావున ఇది ఇటలీవారి గొడవ యని ఊరకుండుటకు వీలులేదు. ఇది మన బిడ్డల సంగతి.

మా యభిప్రాయమును దాచక చెప్పెదము. బిడ్డను కాపాడుటకు చట్టమెంత కఠినముగా నున్నను మాకు సమ్మతమే. కాని ఆ కాఠిన్యము పెండ్లిలేనివారిపై చూపి, బిడ్డల బేరగాండ్రపై చూపకపోవుట అన్యాయము. పెండ్లిపత్రమును చూచి లోనికి రానిచ్చి, డబ్బుసంచిని చూడక విడిచిపెట్టు కావలివాడు కావలివాడగునా?

హేగ్ ఒడంబడికనే చూడుడు. దాని రెండవ అధికరణమున దత్తత గొనువారు దంపతులైనను కావచ్చును, ఒక వ్యక్తియైనను కావచ్చునని స్పష్టముగా నున్నది. లోకములోని ఇన్ని దేశములు కూడి వ్రాసికొనిన పత్రమున లేని అడ్డంకిని కొన్ని దేశములు తమ తమ చట్టములలో కల్పించుకొన్నవి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడను సామెత ఇట్టిచోటనే పుట్టియుండును. లక్సెంబర్గు దేశపు అవివాహిత యొకతె 1996లో పెరూ దేశమున మూడేండ్ల బిడ్డను అక్కడి న్యాయస్థానపు ఉత్తరువుతో దత్తు గొనెను. ఇల్లు చేరిన పిదప స్వదేశపు న్యాయస్థానములు ఆ దత్తత చెల్లదనెను. కారణమేమి? ఆమె బిడ్డను సరిగా చూడదనియా? కాదు. ఆమెకు భర్త లేడని. పెరూలో ఆమె తల్లి, లక్సెంబర్గులో ఎవరో! ఆ బిడ్డకు పౌరసత్వము మొదలుగా అన్నింటను చిక్కులే. తుదకు ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2007 జూన్ 28వ తేదీన, ఏండ్ల తరబడి నిజముగా సాగుచున్న కుటుంబబంధమును కాగితముపై లేదనుట కూడదని తీర్పు చెప్పవలసి వచ్చెను. అప్పటికి పదునొకండేండ్లు గడచిపోయినవి. చట్టము తల్లి పెండ్లిని గూర్చి తర్కించుచుండగా ఆ పసిపిల్ల బాల్యమే గడచిపోయినది.

చైనా చరిత్ర మఱియు చిత్రమైనది. 2007లో ఆ దేశము ఒంటివారికి బిడ్డల నీయమని నిషేధించెను. 2011లో ఒంటి స్త్రీలకు మరల తలుపు కొంచెము తెఱచెను. ఎవరి కొఱకు? ప్రత్యేక సంరక్షణ కావలసిన బిడ్డల కొఱకు. 2024లో, బంధువులకు తప్ప, విదేశీయులకు బిడ్డలనిచ్చుటనే మానివేసెను. ఈ మధ్యకాలపు ఏర్పాటునందలి తర్కమును పాఠకులు తూచి చూతురు గాక. ఆరోగ్యవంతుడగు బిడ్డను పెంచుటకు ఇద్దఱు కావలయునట. రోజును ఆసుపత్రికి ఎత్తుకొని పోవలసిన బిడ్డను పెంచుటకు ఒక్కతె చాలునట! బరువైన పనికి చాలినది తేలికైన పనికి చాలకపోవుట ఏ శాస్త్రము? ఎవరును అడుగని బిడ్డ మిగిలినపుడు వివాహధర్మము గుర్తుకురాదు. ఎల్లరును కోరు బిడ్డ యున్నపుడే అది గుర్తుకువచ్చును. ఇందు బిడ్డ మేలు ఎక్కడనున్నది? ఇది కోరువారిని వరుసలో నిలుపుటకు తెచ్చిన సాకు.

మన సంప్రదాయమేమి చెప్పుచున్నదో చూతము. ఒంటిగా నున్న స్త్రీ దత్తు గొనుట పశ్చిమదేశముల వింతయని భ్రమపడువారు మన దక్షిణదేశపు ధర్మశాస్త్ర చరిత్రను మఱచిరి. భర్త అనుమతి నీయకయే గతించినను, సపిండుల సమ్మతితో విధవ దత్తు గొనవచ్చునని ద్రావిడదేశాచారము. రామనాథపురపు వ్యాజ్యమున 1868లో ప్రీవీ కౌన్సిలువారు దానిని స్థిరపఱచిరి. అది భర్త వంశము నిలుచుటకును, పిండోదకములకును ఏర్పడిన దత్తతయే, మేము కాదనము. ఐనను ఆ పిల్లవానికి అన్నము పెట్టి, చదువు చెప్పించి, ఆస్తిని కాపాడి యిచ్చినది ఎవరు? ఆ యొంటి స్త్రీయే కదా! ఆమె చేతులలో వంశము నిలుచుటకు సందేహింపనివారు, ఆమె చేతులలో అనాథ నిలుచుటకు సందేహింపనేల?

1956వ సంవత్సరపు హిందూ దత్తత చట్టమున అవివాహితకు, విధవకు, విడాకులు పొందిన స్త్రీకి తన కొఱకై దత్తు గొను హక్కు కలిగెను. ఆ చట్టమున భర్తతో కాపురము చేయుచున్న స్త్రీకి, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ హక్కు లేకపోయెను. 2010లో గాని ఆ లోపము సవరింపబడలేదు. అనగా ఏబది నాలుగేండ్లు ఈ దేశమున స్త్రీకి దత్తత విషయమున పెండ్లియే అనర్హత! ఇప్పుడు పెండ్లియే యోగ్యత యనువారు ఈ సంగతిని స్మరింతురు గాక. బాలన్యాయ చట్టమునకు 2006లో వచ్చిన సవరణయు, 2015లో వచ్చిన క్రొత్త చట్టమును ఒంటివారిని దత్తతకు అర్హులనుగా అంగీకరించినవి. ఒంటి పురుషునకు ఆడుబిడ్డను ఈయరాదను నియమము 2015 చట్టమున కలదు. అది బిడ్డకు హాని కలుగునేమో యను భయమున పెట్టినది. అదే చట్టము ఒంటి స్త్రీకి ఆడుబిడ్డనైనను మగబిడ్డనైనను ఇచ్చుచున్నది గనుక, పెండ్లిలేమిని తప్పుపట్టినది కాదు. ఈ విషయమున మన దేశము కొన్ని సంపన్నదేశములకంటె ముందడుగు వేసినదని చెప్పుకొనుటకు మనము సంకోచింప నక్కఱలేదు.

ఇక ఆక్షేపణలు. తల్లియు తండ్రియు ఇద్దఱున్న ఇల్లు మేలు కాదా యని మొదటిది. మేలే. కాని ఈ తూకమున రెండవ తట్టలో నున్నది తల్లిదండ్రులున్న ఇల్లు కాదు. వరుసగా వేసిన తొట్లు, పూటపూటకు మాఱు ఆయాలు, పేరుపెట్టి పిలుచు నొక్క గొంతు లేని సాయంకాలములు. దీనితో ఒక తల్లి ఒడిని పోల్చి చెప్పుడు, ఏది బరువో! రెండవ యాక్షేపణ: ఆ యొక్కరును మరణించినచో బిడ్డ రెండవమారు అనాథ యగును గదా యని. ఈ ప్రశ్న న్యాయమైనది. అందుకే మన నిబంధనలు ఒంటివారి బంధువునుండి హామీపత్రమును కోరుచున్నవి. 2022 నిబంధనల ప్రకారము రెండేండ్లలోపు బిడ్డను కోరు ఒంటివారికి నలువది యేండ్లు మించరాదు. ఎనిమిదేండ్లు దాటిన బిడ్డకైనచో ఏబదియైదు వఱకు ఒప్పుకొందురు. ఇవి బిడ్డ భవిష్యత్తును తలచి పెట్టిన షరతులు. అడుగవలసినవి ఇట్టి ప్రశ్నలే: ఆరోగ్యమెట్లున్నది? ఆదాయమెంత? ఆపదవేళ వెనుక నిలుచువా రెవరు? ఈ ప్రశ్నలకు పెండ్లిపత్రము జవాబు చెప్పజాలదు.

మూడవ యాక్షేపణ మన జాతీయవాద మిత్రులనుండి వచ్చును గనుక దానికి సూటిగా బదులు చెప్పెదము. భారతమాత బిడ్డ పరదేశమున, అందును ఒంటివారి ఇంట పెరుగుట జాతికి అవమానమని వారందురు. వారి ఆవేదన మాకును కలదు. చట్టమునకును కలదు: బిడ్డ దత్తతకు విముక్తమైనదని ప్రకటించిన తరువాత అఱువది దినములు స్వదేశమునందలి వారికిని ప్రవాస భారతీయులకును ఈయజూచి, ఎవరును రానప్పుడే పరులకు దారి యిత్తురు. ఐదేండ్లు దాటిన బిడ్డలకును, తోబుట్టువులతో కలిసియున్నవారికిని, అంగవైకల్యము గలవారికిని విదేశీ దత్తతలో ముందుచోటు కలదు. ఎందువలన? మనము అడుగనందువలన. తెల్లని ఒడలు, నెలల ప్రాయము, లోపము లేని దేహము కోరి మనము క్యూలో నిలుచుచున్నాము. ఆఱేండ్ల కుంటి పిల్లవానిని కన్నెత్తి చూడము. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదన్నట్లు, మనము తీసికొనము, తీసికొనువారిని తీసికొననీయము! అవమానమున్నచో ఇందున్నది. జాతిగౌరవము కావలసినవారు ఉపన్యాసములు మాని ఆ పిల్లవానిని ఇంటికి తెచ్చుకొందురు గాక.

నిజమైన శత్రువును ఇప్పుడు చెప్పెదము. విదేశీ దత్తత పేరిట జరుగు అక్రమములను గూర్చి లక్ష్మీకాంత పాండే యను న్యాయవాది వ్రాసిన లేఖనే వ్యాజ్యముగా స్వీకరించి సుప్రీంకోర్టు 1984లో కట్టుదిట్టములను విధించెను. ఐనను 1999లోను, 2001లోను మన హైదరాబాదు నగరమున ఏమి జరిగినదో తెలుగువారు మఱవరాదు. నల్లగొండ మున్నగు ప్రాంతముల లంబాడీ తండాలలో పేదతల్లుల ఆడుశిశువులను స్వల్పమైన సొమ్మునకు సేకరించి, వదలివేయబడినవారని కాగితములు పుట్టించి, విదేశముల దత్తతకు సిద్ధపఱచిరను సంగతి బయల్పడి దేశము నివ్వెఱపోయెను. తల్లిదండ్రులు స్వయముగా అప్పగించిన బిడ్డల దత్తతను ప్రభుత్వము 2001లో నిషేధింపవలసి వచ్చెను. దక్షిణ కొరియానుండి దశాబ్దములపాటు పోయిన బిడ్డలలో కొందఱిని, కన్నవారుండగనే అనాథలని వ్రాసి పంపిరని ఆ దేశపు సత్యాన్వేషణ సంఘమే 2025లో నిర్ణయించినది.

ఈ ఘోరములను పెండ్లిపత్రము ఆపినదా? పుచ్చుకొనువారి వ్రేలి యుంగరమును పరీక్షించుటచే తండాలోని తల్లి కన్నీరు ఆగలేదు. ఆపగలిగినది వేఱు. బిడ్డ ఎచ్చటనుండి వచ్చినదో ఊరికి పోయి విచారించుట, చేతులు మాఱిన ప్రతి రూపాయికిని లెక్క చూపించుట, కన్నవారి వివరములను భద్రపఱచి పెద్దయైన బిడ్డ అడిగిననాడు చూపుట, దత్తత యనంతరము రెండేండ్లపాటు పంపవలసిన నివేదికలను దస్త్రములో పడవేయక చదువుట. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తరువులను న్యాయస్థానములకు మాఱుగా జిల్లా మేజిస్ట్రేటులే యిచ్చుచున్నారు. ఉత్తరువు త్వరగా వచ్చుట సంతోషమే. ఆ త్వరలో విచారణ సన్నగిల్లినచో మాత్రము 2001 మరల రాగలదు. కలెక్టరు కచేరీ గల ప్రతి పట్టణమునను న్యాయవాదులును, ప్రజాసేవకులును ఈ పనిని కనిపెట్టియుండవలయునని మా ప్రార్థన.

బిడ్డను ఇచ్చువారి చేయి శుభ్రముగా నున్నదా, పుచ్చుకొనువారి చేయి గట్టిగా నున్నదా — చూడవలసినవి ఈ రెండే. ఆ చేతిని పట్టుకొన్న మఱియొక చేయి కలదా లేదా యని శిశువు అడుగదు. తనను ఎత్తుకొనినదా లేదా యనియే అడుగును. శిశువు అడుగని ప్రశ్నను రాజ్యము అడిగి తలుపు మూయుట ధర్మము కాదు.