పల్లి నూనె కూరలోకే, చైన్‌కు వద్దు

చలికాలం మొదలైతే చాలు, మా గానుగ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: "తమ్ముడూ, సైకిల్ చైన్ కిర్రుమంటోంది, మీ పల్లి నూనే నాలుగు చుక్కలు వేస్తే పోదా? మళ్లీ కెమికల్ ఎందుకు?" నూనె అమ్ముకునేవాణ్ని నేనే చెప్తున్నా, వద్దన్నా. సహజ వ్యవసాయం మట్టికీ మొక్కకూ సంబంధించింది. ఇనుముకు దాని లెక్క వేరే.

పల్లి నూనె వేసిన రోజు చైన్ మెత్తగానే తిరుగుతుంది. నాలుగు రోజులు గాలి తగిలాక జిగురు పడుతుంది. దానికి దారిలో దుమ్ము అంటుకుంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టే అరుగుతుంది. కుసుమ, సూర్యకాంతం ఇంకా తొందరగా జిగురవుతాయి. అవిసె నూనె అయితే ఎండి పొరే కడుతుంది, అందుకే దాన్ని రంగుల్లో కలుపుతారు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కట్టేస్తుంది. యాసంగి పొద్దున పూట అది చైన్ కీలు లోపలికి ఎట్లా పోతుంది?

"మరి మా తాత ఎడ్లబండికి ఆముదమే పెట్టేవాడు కదా" అంటారు. నిజమే. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపితే మంచి కందెన. మిగతా నూనెల్లా ఆముదం తొందరగా ఎండదు కూడా. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు పుట్టిందే ఆముదం ఇంగ్లీషు పేరు నుంచి. కానీ బండి ఇరుసు లావుగా ఉంటుంది, మెల్లగా తిరుగుతుంది, కందెన నిలవడానికి సందు ఉంటుంది. సైకిల్ చైన్‌లో వందకు పైగా కీళ్లు, ఒక్కోదాంట్లో సందు వెంట్రుకంత. చలికి చిక్కబడిన ఆముదం పైనే కూర్చుంటుంది, లోపల పిన్ను పొడిగానే అరుగుతుంది. ఇంకేమీ దొరకని రోజు పలచగా రాసి తుడవండి, తప్పులేదు.

దీనికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది కాలిన ఇంజిన్ ఆయిల్. మెకానిక్ దగ్గర ఊరికే వస్తుందని సీసాలో తెచ్చి చైన్ మీద గుమ్మరిస్తారు. అందులో ఇంజిన్ అరుగుదల పొడి, మసి, ఆమ్లాలు అన్నీ ఉంటాయి. అది చైన్‌ను కాపాడేది తక్కువ, అరగదీసేది ఎక్కువ. పైగా కారింది కారినట్టు ఒడ్డు మీద పడుతుంది. డీజిల్‌తో చైన్ కడిగి ఆ నీళ్లు పొలం గట్టునే పారబోసేవాళ్లూ ఉన్నారు. ఒక్క పురుగుమందు చుక్క పడనివ్వని మనం ఇది ఎట్లా పడనిస్తాం? ఆ చేతులతోనే జీవామృతం డ్రమ్ము కలుపుతాం కూడా.

ఇక జీవామృతం సంగతి. మన సైకిళ్లు పక్కవాళ్ల వాటికన్నా ముందు తుప్పు పట్టడానికి మంచు ఒక్కటే కారణం కాదు. 200 లీటర్ల డ్రమ్ములో 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం పోస్తాం. మూత్రంలో ఉప్పులుంటాయి, అవి తుప్పును పరిగెత్తిస్తాయి. బెల్లం జిగురు తడినీ దుమ్మునూ పట్టి ఉంచుతుంది. అది పులిసేటప్పుడు గ్యాస్ వస్తుంది కాబట్టి క్యాను మూత గట్టిగా బిగించలేం. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా చిందుతుంది. చైన్ ఉండేది కుడివైపు. అందుకే మా మనుషులకు చెప్పిందొకటే: క్యాను ఎడమవైపు కట్టండి, బరువు సరిపోవడానికి కుడివైపు ఘనజీవామృతం సంచి వేలాడదీయండి. వీడియోలో కట్టే పద్ధతి చూపించాను. చిందితే ఆ పూటే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టాలి. రేపు చూద్దామంటే తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

రాత్రి పూట ఆరుబయట వదిలిన ఇనుము గాలికంటే చల్లబడి మంచు పట్టుకుంటుంది. చూరు కింద పెడితే చాలావరకు ఆగుతుంది. పశువుల కొట్టంలో మాత్రం వద్దు, అక్కడ తడీ మూత్రం చిందులూ ఎప్పుడూ ఉంటాయి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పినా లోపల చెమట పడుతుంది.

నూనె ఏదంటారా, అంగట్లో దొరికే చైన్ ఆయిల్, లేదా కొత్త ఇంజిన్ ఆయిల్. కుట్టుమిషన్ నూనె లోపలికి బాగా దిగుతుంది కానీ మంచుకు తొందరగా కొట్టుకుపోతుంది, వారం వారం వేయాలి. ముందు పొడిగుడ్డతో చైన్ తుడవండి. ప్రతి కీలు రోలర్ మీద ఒక్క చుక్క. చైన్ మొత్తానికి లెక్కేస్తే ఒక టీ చెంచాకు కాస్త అటూఇటూ, అంతే. పెడల్‌ను వెనక్కి ముప్పై సార్లు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పైన ఉన్నదంతా తుడిచేయండి. ఈ తుడవడమే చాలామంది వదిలేస్తారు. నూనె పని లోపల, పైన మెరిసేది దుమ్ముకు ఎర. తుడిచిన చైన్ నుంచి పొలంలోకి ఏమీ కారదు, కాబట్టి టీ చెంచాడు కంపెనీ ఆయిల్ వల్ల మన వ్యవసాయం మైలపడదు. ఆ గుడ్డను మాత్రం కంపోస్టులో వేయకండి, డబ్బాలో దాచి మళ్లీ అదే వాడండి.

ఇప్పటికే కిర్రుమంటున్న చైన్‌కు నూనె పోసేముందు స్కేలు పెట్టి చూడండి. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య రావాలి. అది 12 దాటి ఎనిమిదో వంతు అంగుళం పక్కకు పోయిందంటే ఏ నూనే పనిచేయదు. పళ్ల చక్రం కూడా పాడయ్యేలోపు చైన్ మార్చేయండి.